ఏడో సరస్సులో జంట

"మీరు వల కడుక్కుని ఉండాల్సింది," అన్నాడతను, ఆమె సరస్సు నుంచి తెచ్చిన సీసా వంక సరిగా చూడకుండానే.

"మీరు కళ్ళు కడుక్కుని ఉండాల్సింది," అంది ఆమె.

ల్యాబ్‌లో ఉన్నవాళ్ళంతా తలలు దించుకుని నవ్వాపుకున్నారు. అక్కడ అతన్ని అందరూ మ్యాపు మాస్టారంటారు. ఏ ఉప్పు సరస్సులో ఏ జాతి ఉప్పు రొయ్య ఉందో ఆరేళ్ళు తిరిగి మ్యాపులు గీశాడు. వారం కిందట చేరిన అమ్మాయి ఇలా ఎదురు చెబుతుందని ఎవరూ అనుకోలేదు.

"ఏడో సరస్సులో అన్నీ ఆడవేనండీ. మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. అందుకే మ్యాపులో దానికి వేరే రంగు వేశాను."

"అబ్బ, ఎంత ప్రశాంతమైన సరస్సో! మరి ఈ మహానుభావుడెవరు?" అంటూ ఆమె మైక్రోస్కోప్ ముందు నుంచి పక్కకి జరిగింది.

చూశాడు. గోరంత రొయ్య. తల ముందు రెండు పెద్ద కొక్కేలు. అనుమానం లేదు, మగదే.

"ఇంకో సరస్సు నుంచి మీ వలకి అంటుకుని వచ్చుంటుంది," అన్నాడు. గొంతులో మునుపటి బింకం లేదు. సోమవారం మ్యాపుల పుస్తకం అచ్చుకి వెళ్తోంది మరి.

"అయితే రేపు కొత్త వలతో వెళ్దాం. మీరే ముంచండి."

మర్నాడు సన్నగా జల్లు. ఉప్పు పేరుకున్న ఒడ్డున అతని బూటు బురదలో కూరుకుపోతే, ఆమె నవ్వుతూనే చెయ్యందించింది. అవసరం తీరాక కూడా ఆ చేతిని వదలడానికి అతనికి కాస్త టైం పట్టింది.

వల ముంచి, నీళ్ళు తెల్ల ట్రేలో పోశాడు. రొయ్యలు గిలగిలా ఈదుతున్నాయి. వాటిలో ఒకటి ఇంకోదాన్ని వెనకనుంచి కొక్కేలతో పట్టుకుని, దానితోపాటే తిరుగుతోంది.

అతను వల పక్కన పెట్టి, ట్రే మీదకి వంగి ఆ జంటనే చూశాడు.

"కోపమొచ్చిందా?"

"సిగ్గేస్తోంది. ఇక్కడికి ఒక్కసారే వచ్చాను, అదీ ఒక్క ఒడ్డుకే. మళ్ళీ చూడలేదు."

"అప్పటికి మగవి లేవేమో. పక్షుల కాళ్ళకి గుడ్లు అంటుకుని తర్వాత వచ్చుండొచ్చు."

"నన్ను వెనకేసుకొస్తున్నారా?"

"మిమ్మల్ని కాదు, రొయ్యల్ని!"

అక్కడే ఫోన్ తీసి డైరెక్టర్‌కి చెప్పాడు, అచ్చు ఆపమని. అవతల నుంచి అక్షింతలు పడుతుంటే ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాడు. అవి ఆగాక, "కనిపెట్టింది ఆవిడ సార్, పుస్తకంలో ఆవిడ పేరే ముందుండాలి," అన్నాడు. ఆమె వాన చూస్తున్నట్టు మొహం తిప్పుకుంది.

మూడు నెలలు ఇద్దరూ ఏడో సరస్సు ఒడ్డులన్నీ గాలించారు. అక్కడ అన్నీ ఆడవే ఉండే రకమూ, జంట కట్టే రకమూ రెండూ ఉన్నాయని తేలింది. పుస్తకం అచ్చయింది.

"ఎనిమిదో సరస్సు కూడా ఒకసారి చూస్తే బావుంటుందేమో," అన్నాడతను.

"అందులో తప్పేం దొరికింది?"

"ఏం లేదు. మీతో రావడానికి వేరే వంక దొరకలేదు."

"వంక లేకుండా అడగొచ్చుగా?"

అడిగాడు. తడబడుతూ, చెమటలు కక్కుతూ, పెళ్ళిదాకా అడిగేశాడు.

"ఆదివారం ఇంటికి రండి," అంది ఆమె మెల్లగా.

ఆదివారం ఆమె తల్లి అతన్ని ఎగాదిగా చూసింది. "మా పిల్ల నోటికి తాళం లేదు బాబూ. పడగలవా?"

"అలవాటైందండీ."

"ఇంకా అండీ ఏమిటి? అత్తయ్యా అనలేవూ?"

"అలవాటైంది... అత్తయ్యా," అన్నాడు చెవులదాకా ఎర్రబడుతూ.

తలుపు చాటు నుంచి కిలకిలా నవ్వు వినిపించింది.