చెయ్యి వెచ్చగానే ఉంది

బుల్లిబండి తలుపు తెరుచుకోగానే సన్యాసిరావు గారు పళ్ళు టకటకలాడిస్తూ కిందికి దిగారు. మెడకి మఫ్లరు, దానిమీద భార్య శాలువా, ఆ పైన సీటుకింద పరిచే గోనెపట్టా. బయట నర్సీపట్నంలో పుష్యమాసపు ఎండ ముప్పై తొమ్మిది డిగ్రీలు కాస్తోంది. టీకొట్టు దగ్గర జనం ఆయన్ని చూసి గుడ్లప్పగించారు.

"నవ్వకే నూకరత్నం," అన్నారాయన షెడ్డులోకి వస్తూనే. "మీ పిన్ని సీటు వసంతకాలం, నా సీటు హిమాలయం. ఇంటికాణ్ణించి ఇక్కడికొచ్చేసరికి గడ్డకట్టీసాను."

"ఒగ్గీండి బాబాయ్, పోన్లే ముసలోడు నిలవుంటాడని పిన్నే అలా పెట్టీసుంటాది," అంది నూకరత్నం. వెనకాలే దిగిన సుభద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రుతుపీఠాలు వచ్చి అప్పటికి పదిహేనేళ్ళయింది. అంతకుముందు కారంతా ఒకటే గాలి. మొగుడు తగ్గిస్తే పెళ్ళాం పెంచేది, వెనక సీట్లో అత్తగారు మెడ పట్టేసిందని మూలిగేది, ఊరు దాటేలోపే ముగ్గురికీ మాటల్లేకుండా పోయేవి. ఇప్పుడు ఎవరి సీటుకి వాళ్ళ రుతువు. రెండు పీఠాల మధ్య కిందనుంచి పైకి సన్నటి గాలితెర లేస్తుంది. ఒకరి చలి ఇంకొకరికి తగలదు, ఒకరి గురక ఇంకొకరికి వినపడదు. బండి తనంత తానే నడుస్తుంది కాబట్టి ఇద్దరూ కళ్ళు మూసుకుని ఎవరి లోకంలో వాళ్ళు పోవచ్చు. సంసారాలు బాగుపడ్డాయని అందరూ తెగ సంతోషించారు. బండి కంపెనీ వాళ్ళయితే ఆ సంతోషానికి ఒక అంకె కూడా కట్టారు, సౌఖ్యాంకమని. ముందు అద్దంమీద అది నూటికింత అని వెలుగుతూ ఉంటుంది. తొంభైకి తగ్గిందంటే చాలు, జనం ఇంట్లో జ్వరంతో మూలుగుతున్న మనిషిని వదిలేసి ముందు బండిని షెడ్డుకి తోలుకొస్తారు.

అలా వచ్చిన బండ్లతోనే నూకరత్నం బతుకు. యాభై మూడేళ్ళ మనిషి, ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. గాలి వచ్చే కన్నం దగ్గర కుడిచెయ్యి తిరగేసి, వెనకవైపు పెట్టి చూసిందంటే ఏ జబ్బో చెప్పేస్తుంది. కంపెనీ ఇచ్చిన మీటరు గోడకి వేలాడుతూ ఉంటుంది, దానిమీద తువ్వాలు ఆరేస్తుంది.

ఆవేళ ముందుగా గాలిజల్లెడ బయటికి లాగింది. దాన్నిండా ఎర్రదుమ్ము, జీడిమామిడి పూత.

"ఇది ఎప్పుడు దులిపించారు బాబాయ్?"

"దులపాలా?"

"ముక్కు మూసి ఊపిరి తియ్యమంటే మీరు తీస్తారా? మరదెలా తీస్తాది?"

తర్వాత చల్లమర నీళ్ళు కారిపోయే గొట్టంలోకి తీగ దూర్చి కందిరీగ కట్టిన మట్టిగూడు రాల్చింది. అసలు జబ్బు అది కాదని చెయ్యి పెట్టినప్పుడే ఆవిడకి తెలుసు. చల్లమర, వేడిమర అని పేర్లు రెండేగాని ఉన్నది ఒకటే మర. ఒకచోటి వేడిని తోడి ఇంకోచోట పోస్తుంది, అంతే. ఆ చల్లగాలీ వేడిగాలీ ఎంతెంత కలవాలో తేల్చేది లోపలుండే అరచెయ్యంత కలపురేకు. దాన్ని తిప్పే పళ్ళచక్రానికి రెండు పళ్ళు విరిగి, రేకు చల్లవైపు బిగుసుకుపోయింది. అది మార్చాలంటే సగం బండి విప్పాలి.

"రేపు రండి," అంది.

"రేపేటి? సీలేరులో మా చెల్లి గృహప్రవేశం ఇవాళ రాత్రికి," అంది సుభద్రమ్మ. "లంబసింగి ఎక్కేసరికి ఎలాగుంటాదో తెలుసు గదా. ఈయనకి చలి పడదు. వేళ్ళ కొసలు నీలంగా అయిపోతాయి. నువ్వు బాగుచేస్తేనే ప్రయాణం, లేకపోతే మానీడమే."

కింద వేసవి పన్నెండు నెలలకీ పాకింది గాని, కొండమీద చలి ఎక్కడికీ పోలేదు. పైగా మొండికేసింది. నూకరత్నం గడియారం చూసింది. అప్పుడు తొమ్మిదయింది. మానీమని ఒక్క మాట అని ఉంటే పోయేది. ఆ మాట ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఆ పొద్దు మాత్రం చీర బొడ్లో దోపి బండికింద పడుకుంది.

పదకొండున్నరకి రేకు తిరిగింది. నూకరత్నం చెయ్యి తిరగేసి పెట్టి, వెచ్చదనం మెల్లగా ఎక్కడం చూసి, చంటిపిల్ల పాలు తాగినట్టు మురిసిపోయింది. చెయ్యి ఆనించుకునే చోట ఉన్న స్పర్శపట్టీని కూడా తుడిచి సరిచేసింది.

"ఇది మీ చర్మాన్ని చదువుతాది బాబాయ్. చెమట పట్టిందా, బొట్టు కారకముందే పొడిగాలి కొట్టి ఆరబెట్టీస్తాది. చల్లబడ్డారా, ఎక్కడ చల్లబడితే అక్కడే వేడి పోస్తాది."

"మీ పిన్ని నలభై ఏళ్ళు చేసిన పనే ఇది. ఇప్పుడు పట్టీకి అప్పజెప్పీసి ఆవిడ రిటైరయిపోయింది."

సుభద్రమ్మ నవ్వలేదు. "అది పనిచేస్తందో లేదో నాకెలా తెలుస్తాదే? ఆ తెర ఇవతల నాకు వసంతకాలమాయె. ఈయన సంగతి నాకేటి తెలుస్తాది?"

"దానికేటి పిన్నీ. తెరలోంచి చెయ్యి పోనిచ్చి ఆయన చెయ్యి ముట్టుకోండి. వెచ్చగా ఉందా, అంతా బాగున్నట్టే. మీటర్లు అబద్ధం ఆడతాయి గాని, చెయ్యి ఆడదు."

ఆ మాట ఆవిడ షెడ్డుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదే. గర్వంగా చెప్పేది.

మర్నాడు పొద్దున్నే కబురు తెలిసింది. సీలేరు చేరాక బండి తలుపులు తెరిచి, గమ్యం వచ్చిందని మూడుసార్లు చెప్పిందట. సుభద్రమ్మ దిగింది, సన్యాసిరావు గారు దిగలేదు. గుండె అన్నారు డాక్టర్లు. పోయి చాలాసేపయిందన్నారు, కాని ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండటంతో ఎంతసేపయిందో చెప్పలేకపోయారు.

పద్నాలుగో రోజున కంపెనీనుంచి నూకరత్నానికి ఒక పత్రం వచ్చింది. బండిలో ప్రాణం పోతే, ఆ బండిని ఆఖరుసారి బాగుచేసినవాళ్ళే తనిఖీ చేసి వేలిముద్ర వెయ్యాలన్నది చట్టం. వెయ్యడానికి రెండే గడులున్నాయి: సక్రమం, లోపం. ఆ మధ్యాహ్నమే బండి వచ్చింది. సుభద్రమ్మ తెల్లటి ఎండలో దిగి, పలకరింపుగా తల ఊపి, టీకొట్టు నీడలో కూర్చుంది. బోసినుదురు చూడలేక నూకరత్నం గబగబా బండిలో దూరింది.

రుతుచిట్టా తెరిచింది. బండి తాను చేసిన ప్రతి పనీ అందులో రాసుకుంటుంది, గవర్నమెంటు గుమస్తా రాసినట్టు.

పన్నెండూ యాభై రెండు: కుడి పీఠమునందు చెమట ఎక్కువగా ఉన్నది. పొడిగాలి పంపడమైనది. పన్నెండూ యాభై తొమ్మిది: చెమట లేదు. ఒకటీ నాలుగు: చేతి చర్మము చల్లబడుచున్నది. వేడి పెంచడమైనది. ఒకటీ పదిహేడు: మరల చల్లబడుచున్నది. మరల పెంచడమైనది. ప్రయాణికుడు కదలక విశ్రాంతిగా ఉన్నాడు. సౌఖ్యాంకము తొంభై తొమ్మిది.

నూకరత్నం అక్కడే ఆగిపోయింది.

ఉన్నట్టుండి చెమటలు పట్టడం, ఆ తర్వాత చేతులు చల్లబడటం. ఇది దేనికి గుర్తో అక్షరమ్ముక్క రాని ముసలమ్మకి కూడా తెలుసు. ఏ ఇంట్లోనైనా మొగుడికి అలాగయితే పెళ్ళాం కెవ్వున కేకవేసి వీధిలోకి పరిగెత్తేది. ఈ బండి ఆ చెమటని బొట్టు కారకుండా ఆరబెట్టేసింది. ఆ చల్లదనాన్ని ఎప్పటికప్పుడు వెచ్చబెట్టేసింది. ఆయన మూలిగి ఉంటే గాలితెర ఆ మూలుగుని కూడా మింగేసి ఉంటుంది. జబ్బు సంగతి మాత్రం దానికి తెలియదు. అది సుఖం చూసుకునే యంత్రం, జబ్బు చూసే యంత్రాల శాఖ వేరు, వాటి అనుమతులు వేరు. ఎంత తెలివిగా పంచుకున్నారో, వాళ్ళ తెలివి మండిపోనూ!

చిట్టా పక్కన ఒక ఎర్రగీత ఉంటుంది, ఒంటికి కావలసిన వేడిలో పీఠం పోసినదెంతో చెప్పేది. మామూలు మనిషికి అది అడుగునే పాకుతుంది. సన్యాసిరావు గారి గీత లంబసింగి దగ్గర లేచింది. ఒకటీ ఇరవై ఆరుకి, చింతపల్లి ఊళ్ళో, సగంలో ఉంది. అంటే మిగతా సగం వేడి ఇంకా ఆయన ఒంటిదే. చింతపల్లి ఆసుపత్రి గేటు ముందునుంచే బండి వెళ్ళింది. రెండూ ఇరవైకి, గూడెం దాటాక, గీత కొసకంటా లేచి అక్కడే నిలబడిపోయింది. అప్పట్నుంచి సీలేరు దాకా, గంటన్నరసేపు, ఆ చేతికున్న వెచ్చదనమంతా బండిదే.

లోపం దొరకాలని నూకరత్నం ఏడుపొచ్చేంతగా కోరుకుంది. రేకు తిప్పింది, తిరిగింది. జల్లెడ చూసింది, శుభ్రం. పట్టీమీద మంచుముక్క పెట్టింది, పదిహేను సెకన్లలో అక్కడ వేడి లేచింది. ఆఖరికి చెయ్యి తిరగేసి గాలికి అడ్డం పెట్టింది. తన జన్మలో ఇంత బాగా ఏ బండినీ బాగుచెయ్యలేదు. ఆవేళ ఆ రేకు బిగుసుకుపోయినట్టే ఉండనిస్తే ప్రయాణమే మానేవారు. ఒకవేళ బయల్దేరినా, ఆ చెయ్యి చల్లగా తగిలేది.

వేలు తెచ్చి 'సక్రమం' మీద నొక్కింది. అబద్ధం కూడా కాదాయె.

దిగి వచ్చేసరికి సుభద్రమ్మ షెడ్డులో స్టూలుమీద కూర్చుని ఉంది.

"నీకో మాట చెప్దామని నేనే వచ్చానే," అంది. "నువ్వు ఆ పొద్దు అంత కష్టపడకపోతే ఆయన చలికి వణుకుతూ పోదురు. సుఖంగా పోయారు. నువ్వు చెప్పినట్టే దారంతా చెయ్యి ముట్టుకుని చూసుకుంటూనే ఉన్నాను. వెచ్చగానే ఉంది."

నూకరత్నం గోడదాకా వెళ్ళింది. తువ్వాలు తీసి, లేని జిడ్డు తుడుచుకుంది.

"ఒక్కటే పీకుతోంది నన్ను," అంది సుభద్రమ్మ గొంతు తగ్గించి. "చింతపల్లిలో కాఫీ తాగుదామా అని చెయ్యి పట్టుకుని కుదిపాను. లేవలేదు. ఆయనేటి, కాఫీ అంటే నిద్రలోంచైనా లేచీ మనిషి! అయినా చెయ్యి వెచ్చగా ఉందిగదా, పడుకోనీలే అని బండి ఆపలేదు. అదుగో ఆసుపత్రి, అద్దంలోంచి బోర్డు కూడా చదివాను. ఆ చిట్టాలో ఉంటాదట గదా. అప్పటికి ఆయన ఉన్నారా, లేరా? నిజం చెప్పు. నీ పుణ్యముంటాది."

ఉన్నారంటే ఈ మనిషి మిగిలిన బతుకంతా ఆ ఆసుపత్రి బోర్డు చదువుకుంటూ కూర్చుంటుంది. ఆ సంగతి నూకరత్నానికి అరక్షణంలో అర్థమైంది.

"లేరు పిన్నీ," అంది. "లంబసింగి ఎక్కకముందే పోయారు. ఒక్క నిమిషంలో, నిద్రలోనే. మీరు ఆపినా ఏటీ లాభం ఉండేది కాదు."

సుభద్రమ్మ భుజాలమీదనుంచి బరువేదో దిగినట్టు ఊపిరి వదిలింది. ఆ తర్వాత తన కుడిచేతి వంక చూసుకుంది.

"అయితే చింతపల్లిలో నేను పట్టుకున్నది..." అని, ఆ పైన అనలేక, ఆ చేతిని కొంగుతో మెల్లగా తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. "గూడెం దాటాక ఆ చేతిమీద చెయ్యేసి పాట కూడా పాడానే, పిచ్చిముండని. పోన్లే. నా తప్పు లేదన్నావు, అది చాలు."

లేచింది. వెళ్ళేముందు నూకరత్నం దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. తీసుకున్నదల్లా ఉలిక్కిపడింది.

"ఇదేటే! నీ చెయ్యేటి ఇలా మంచుముద్దలాగుంది? ఇంత ఎండలో?" గబుక్కున నుదుటిమీద చెయ్యేసింది. "అయ్యో, చల్లచెమటలు! కూర్చో, కూర్చో. గుండెలో ఏటైనా పట్టీసినట్టుందా? ఎడంచెయ్యి లాగుతోందా? ఎవరైనా మంచినీళ్ళు తెండర్రా!" అంటూ స్టూలుమీద కూర్చోబెట్టింది.

"ఏటీ లేదు పిన్నీ. బాగానే ఉన్నాను."

"బాగున్న మనిషికి ఇలాగుంటాదా? ముట్టుకుంటే తెలియదనుకున్నావా నాకు? మరెందుకిలా..."

నూకరత్నం తల ఎత్తలేకపోయింది. వదిలించుకుందామంటే చెయ్యి రాలేదు. సుభద్రమ్మ చేతుల్లో అది ఇంకా చల్లగానే ఉంది. ఆవిడ ఆ చేతిని చూసింది, బండి వంక చూసింది, మళ్ళీ ఆ చేతినే చూసింది. ముఖంలో కంగారు కాస్తకాస్తగా పోయి, అక్కడ ఇంకేదో వచ్చింది.

"చింతపల్లి దగ్గర ఉన్నారన్నమాట," అంది.

నూకరత్నం ఏడ్చింది గాని, కాదనలేదు.

సుభద్రమ్మ ఆ చేతిని తీసుకెళ్ళి నూకరత్నం ఒళ్ళోనే జాగ్రత్తగా పెట్టి, గొడుగు అందుకుంది. బండి ఆవిడని గుర్తుపట్టి తలుపు తెరిచింది. లోపలినుంచి వసంతకాలపు గాలి తగిలింది.

"బండి పిన్నీ..."

"నాకొద్దే. నడిచి పోతాను."

గొడుగు తెరవడం మరిచిపోయి ఎండలోకి నడిచింది. పది అడుగులు పోయేసరికి ఆవిడ వీపుమీద జాకెట్టు చెమటకి తడిసిపోవడం నూకరత్నానికి షెడ్డులోంచే కనిపించింది.