గతూనాలో దిగిపోయిన మేనత్త

నస్సాజీ మళ్లీ డయల్ చేయగానే ఎరినా అత్త ఫోన్ మోగింది. మోగింది అత్త చేతిలో కాదు, అప్పుడే కంపాలా బస్సు దిగిన ఒక పొడుగాటి యువకుడి చేతిలోని బుట్టలో.

నస్సాజీ రెండంగల్లో వెళ్లి అతని దారికి అడ్డంగా నిలబడింది. కిగాలీ న్యబుగోగో బస్టాండులో ఆమె పన్నెండింటి నుంచి మేనత్త కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. బస్సంతా ఖాళీ అయింది. అత్త మాత్రం దిగలేదు.

"ఆ బుట్ట ఎక్కడిది?"

"ఒక పెద్దావిడది."

"ఆ పెద్దావిడ మా అత్త. ఆవిడేదీ?"

అతను భుజం మీది అరటిగెల నెమ్మదిగా కిందికి దించాడు. "నస్సాజీ టీచర్ మీరేనా? కోపం ముక్కు మీదే ఉంటుందన్నారు. గుర్తుపట్టడం తేలికే అయింది."

"ఆవిడేదీ అంటే!"

"గతూనాలో ఉండిపోయారు. సరిహద్దు దగ్గర."

నస్సాజీ బుట్టకేసి చూసింది. అరవై రెండేళ్ల మనిషి. మసాకా దాటి కంపాలా, కంపాలా దాటి మరో ఊరు ఎరగదు. ఫోనేమో ఈ బుట్టలో ఉంది.

"నేను తీసుకొస్తాను. మా అన్న కారుంది, పావుగంటలో వస్తా" అన్నాడతను.

"నేనూ వస్తాను. అందాకా మీ పాస్‌పోర్టు ఇటివ్వండి."

"ఎందుకు?"

"పారిపోకుండా."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె తెరిచి చూసింది. "గతేరా. ఫొటోలో కూడా దొంగలాగే ఉన్నారు."

"అందులో అందరూ అలాగే ఉంటారండీ."

కొండ ఎక్కుతుండగానే వాన పట్టుకుంది. తేయాకు తోటలు తెల్లటి తెర వెనక్కి వెళ్లిపోయాయి. కారుకు ఒక్క వైపరే పనిచేస్తోంది, అదీ నస్సాజీ వైపుది.

"నాకు దారి చెబుతూ ఉండండి" అన్నాడు గతేరా.

"మీకు కనిపించడం లేదా?"

"కొంచెం కనిపిస్తోంది. మీరు చెబితే ఇంకాస్త ధైర్యంగా ఉంటుంది."

నవ్వు రాబోయి ఆగిపోయింది ఆమెకు. కంపాలాలో చదివాడట, అందుకే ఆమె మాతృభాష లుగాండా ఇంత బాగా మాట్లాడుతున్నాడు. కాఫీ గింజల కంపెనీలో రుచి చూసే ఉద్యోగం.

"రోజంతా కాఫీ తాగడానికి జీతమిస్తారా?"

"తాగనివ్వరు. పుక్కిలించి ఉమ్మేయాలి."

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్విన మరుక్షణమే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. మూడేళ్లయింది నేనింటికి వెళ్లి. పోయిన నెల ఫోన్లో పోట్లాడాను. 'నన్ను చూడాలనుంటే నువ్వే రా' అని పెట్టేశాను." ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "నిజంగానే బయల్దేరింది. నేనన్న ఒక్క మాటకి."

గతేరా కారు వేగం తగ్గించాడు.

"మీకొకటి చెప్పాలి. గతూనాలో బస్సు కదిలే ముందు డ్రైవర్ నన్నడిగాడు, పక్క సీటావిడ ఎక్కిందా అని. వెనక సీట్లలో మీ అత్తలాగే నీలం గోమెసి గౌను వేసుకున్న ఒకావిడ కనిపించింది. ఆవిడే ఎవరితోనో కబుర్లకి వెళ్లిందనుకుని ఎక్కిందని చెప్పేశాను. పది కిలోమీటర్లు పోయాక చూస్తే వేరే మనిషి. డ్రైవర్ వెనక్కి తిప్పనన్నాడు."

"ఆపండి."

"వాన..."

"ఆపమన్నాను!"

ఆమె దిగి, తలుపు ధడాలున వేసి, వానలోనే నడక మొదలుపెట్టింది. కారు ఆమె వెనకాలే నత్తలా కదిలింది. గతేరా కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఇంకా ఇరవై కిలోమీటర్లుందండీ."

"తెలుసు!"

"తిట్టండి. లోపల కూర్చుని తిడితే నాకు బాగా వినిపిస్తుంది."

వంద అడుగులు నడిచాక ఆమె కారెక్కింది. "క్షమించానని కాదు. చెప్పు కరుస్తోంది."

అతను తన కోటు తీసి ఇచ్చాడు. ఆమె దాంతో జుట్టు తుడుచుకుంది, కసిగా. అతను నోరు మెదపకపోయుంటే ఈ సంగతి తనకి ఎప్పటికీ తెలిసేది కాదన్న ఆలోచన మాత్రం ఆమెను గతూనా దాకా వదల్లేదు.

సరిహద్దు దగ్గర రేకుల కప్పు కింద టీ కొట్టులో ఎరినా అత్త దర్జాగా కూర్చుని ఉంది. చుట్టూ నలుగురు లారీ డ్రైవర్లు, పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టే ఒక అమ్మాయి. అందరికీ ఏదో కథ చెబుతోంది.

నస్సాజీ పరుగున వెళ్లి, తడి నేల మీదే మోకాళ్లూని నమస్కరించింది. "అత్తా, తప్పయిపోయింది. అలా అనకుండా ఉండాల్సింది."

"లే పిల్లా, గౌను పాడవుతుంది. నువ్వు రమ్మనబట్టే కదా వచ్చాను. పిలవకపోతే ఆ మూల మట్టిలోనే కలిసిపోయేదాన్ని." అత్త ఒళ్లోంచి కాగితం పొట్లం తీసింది. "నీకిష్టమని తెచ్చిన వేయించిన మిడతలు. ప్లాస్టిక్ కవరు వీళ్ల దేశంలోకి రానివ్వరట. కాగితం వెతుక్కొచ్చేసరికి బస్సు లేదు."

నస్సాజీ ఆమె ఒడిలో ముఖం దాచుకుంది.

అత్త కళ్లజోడు సర్దుకుని గతేరా వైపు చూసింది. "నా వేరుశనగలు సగం తినేసి నన్నే మరిచిపోయావు."

"మన్నించండమ్మా."

"మన్నించను. వారం రోజులుంటాను. ఊరంతా తిప్పి చూపించు."

తిరుగు దారిలో అత్త వెనక సీట్లోంచి అంది: "ఒసే పిల్లా, మసాకాలో ఒక పశువుల డాక్టరున్నాడు, నీ కోసమే ఫొటో తెచ్చాను." కారు ఒక్కసారి కుదుపు ఇచ్చింది. "గుంత" అన్నాడు గతేరా. రోడ్డు అద్దంలా ఉంది.

ఆ వారమంతా అతను రోజూ వచ్చాడు. ఒకనాడు కారు వైపరు బాగయిందని, ఒకనాడు కాఫీపొడి ఇవ్వాలని. నాలుగోనాటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆరోనాడు నస్సాజీ అరటికాయలు ఉడికించి మెదుపుతుంటే పక్కన నిలబడి వేరుశనగ పులుసు కలిపాడు, మాడ్చాడు, తిట్లు తిన్నాడు. అత్త వసారాలో చాప అల్లుకుంటూ అన్నీ చూసింది.

ప్రయాణం నాటి ఉదయం బస్టాండులో గతేరా ఏ సాకూ లేకుండా వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. నుదుటి నిండా చెమట.

"అమ్మా, మీ వాళ్లలో ఆడపిల్ల విషయం ముందు మేనత్తకే చెప్పాలని విన్నాను."

"సరిగ్గానే విన్నావు. చెప్పు."

"నస్సాజీని పెళ్లి చేసుకోవాలనుంది. డాక్టర్ని కాను. మతిమరుపు మనిషినని మీకు తెలుసు. కానీ మీ అమ్మాయి దగ్గర ఏదీ దాచను."

నస్సాజీ బస్సు నంబరు వంక కన్నార్పకుండా చూస్తోంది.

"విన్నావుగా. ఏమంటావు?" అంది అత్త.

"ఆ రోజు కారులో అతను ఊరుకుని ఉండొచ్చు, అత్తా. చెప్పకపోతే నాకేం తెలుస్తుంది? అయినా చెప్పాడు. అందుకని నేను..."

"నేనడిగింది ఔనా కాదా అని."

"ఔను" అంది నస్సాజీ. ఆ మాట మాత్రం తనకే వినిపించనంత మెల్లగా వచ్చింది.

అత్త వినేసింది. గతేరా చెయ్యి పట్టుకుని, "డిసెంబరులో మీ పెద్దవాళ్లతో మసాకా రా. పిల్లనడిగే ఉత్తరం నాకే ఇవ్వాలి, దీని నాన్న అయిన మా తమ్ముడికి కాదు. ఇద్దరూ ఒకే బస్సులో రండి, ఒకళ్లనొకళ్లు లెక్కపెట్టుకుంటూ" అంది. నస్సాజీ తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగి కనుమరుగైంది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, ఎటు చూడాలో తెలియక.

"ఇప్పుడు నీతో నేరుగా మాట్లాడొచ్చా?" అన్నాడు గతేరా.

"మాట్లాడు."

చాలాసేపు ఆలోచించాడు. "ఏం మాట్లాడాలో తోచడం లేదు."

నస్సాజీ పకపకా నవ్వింది. అంతమంది జనం మధ్యలో అతని చెయ్యి అందుకుంది. "అయితే నడువు. నాకు తొమ్మిదింటికి క్లాసుంది."