ఆరు క్రెడిట్లు

"నా డిగ్రీ ఆపేశారమ్మా!"

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా ఆ మాట అనేసి, బ్యాగు మంచం మీదకి విసిరి, గోడకి జారబడి కూర్చుండిపోయింది జాయ్సీ. వంటింట్లో గంజి వారుస్తున్న విక్టోరియా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఏలూరు కాలవగట్టు మీద ఆ రెండు గదుల ఇంట్లో తల్లీకూతుళ్ళు రెండేళ్ళుగా కాచుకు కూర్చున్నది ఈ జూన్ నెల కోసమే! జాయ్సీ ఎంబీఏ పట్టా పుచ్చుకుంటుంది, విజయవాడలో ఇప్పటికే తీసుకుంటామని చెప్పిన కంపెనీలో చేరుతుంది... భర్త అహరోను పోయిన ఈ తొమ్మిదేళ్ళలో విక్టోరియా ప్రభువుని తన కోసం ఒక్క కోరిక కోరిన పాపాన పోలేదు. ఏ ప్రార్థన మొదలుపెట్టినా అది కూతురి చదువు దగ్గరకే వెళ్ళి ఆగేది.

"ఆపెయ్యడమేంటే తల్లీ? పరీక్షలన్నీ పాసయ్యానన్నావు కదా!"

"పాసయ్యానమ్మా. నాలుగు సెమిస్టర్లకీ కలిపి నూట రెండు క్రెడిట్లు రావాలి. తొంభై ఆరు వచ్చేశాయి. మిగిలిన ఆరూ ప్రాజెక్టుకి. ఏదో ఒక వ్యాపారం దగ్గర ఎనిమిది వారాలుండి, అది ఎలా నడుస్తుందో చూసి రిపోర్టు రాయాలి. రాశాను... ఇప్పుడు నేను రాసిన వ్యాపారమే ఎక్కడా లేదంటున్నారు! అంతా కల్పించి రాశానంటున్నారు! ఆ ఆరూ కొట్టేశారు!"

విక్టోరియా ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆదివారం గుడిలో అందరికంటే ముందు పాట అందుకునే మనిషి, గిన్నె నేల మీద ధన్‌మని పెట్టి లేచింది. "ఎవరే ఆ మాట అన్నది? ఎవరే ఆ పాపిష్టిది? తండ్రి లేని పిల్ల నోటికాడ కూడు లాక్కుందే! దాని నోరు పడిపోను... అది కన్న బిడ్డ కూడా ఇలాగే ఏడవ...!"

"అమ్మా! ఆపమ్మా!" అని జాయ్సీ చెవులు మూసుకుంది. బ్యాగులోంచి నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీసి తల్లి ముందు పెట్టింది. "మా పాండురంగారావు సార్ ఆ వ్యాపారం చేసే ఆవిడకే ఫోన్ చేశారట. రిపోర్టు నిజమో కాదో గైడు కనుక్కోవాలని రూలు. ఆవిడే స్వయంగా, నేనలాంటి వ్యాపారం చెయ్యనండీ అని చెప్పిందట."

"ఎవరే ఆవిడ?"

"నువ్వేనమ్మా."

విక్టోరియా మంచం కోడు పట్టుకుని మెల్లిగా కూలబడింది. రెండు వారాల కిందటి మంగళవారం కళ్ళముందు ఆడింది. భీమడోలులో బేరం ముగించుకుని ప్లాట్‌ఫారం మీద గంప దించుకుందో లేదో ఫోను మోగింది. "యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నానమ్మా, జాయ్సీ ప్రాజెక్టు గురించి. మీరు ఎండుచేపల వ్యాపారం చేస్తారా?" అని ఎవరో పెద్దమనిషి అడిగారు. గంపలో ఎండుపరిగెలు, పక్కన సంచీలో ఎండురొయ్యలు పెట్టుకుని ఆవిడ ఏం చెప్పింది? "అబ్బెబ్బే! ఎండుచేపలు మాకెందుకండీ! మాది బట్టల షాపండీ. అలాంటి వ్యాపారాలు మాకు లేవండీ!" అని గడగడా చెప్పేసింది. చెప్పి, ఎక్కడా తడబడకుండా చెప్పానని ఇంటికొచ్చేదాకా మురిసిపోయింది కూడా!

అలా చెప్పమన్నది జాయ్సీయే.

రెండేళ్ళ కిందట, చేరిన నెలకే హాస్టల్ నుంచి ఏడుస్తూ వచ్చింది పిల్ల. తల్లి ప్రేమగా కట్టిచ్చిన రొయ్యపొట్టు కూర డబ్బా వాసనకి గదిలో పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారట. "మీ ఇంట్లో చేపలమ్ముతారా?" అని అడిగితే, "బట్టల షాపు" అని నోటికొచ్చింది చెప్పేసిందట. "అమ్మా, కాలేజీ వాళ్ళు ఎప్పుడు ఫోన్ చేసినా, ఎవరు చేసినా బట్టల షాపనే చెప్పమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను..." అని ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల కాదు, ఇరవై ఒక్కటి నిండిన పిల్ల! అయినా తల్లికి కోపం రాలేదు. ఆ మాట బైబిలు మీద ఒట్టు వేసినట్టే పట్టుకుంది. కొత్తవాళ్ళు కలిసినా, తెలియని నంబరు మోగినా ముందు ఆ మాట తలుచుకునేది. ఆనాటి సంగతి పిల్ల మరిచిపోయింది, తల్లి మరవలేదు.

"ఎందుకమ్మా అలా చెప్పావు?" అంది జాయ్సీ. "మా క్లాసులో అందరూ కార్ల షోరూములు, బ్యాంకులు రాసుకున్నారు. నేను నిన్ను రాసుకున్నాను. రెండు నెలలు ఇంటి దగ్గరుండి, సరుకు కోసం వెళ్ళే నీ వెనకాల కొల్లేటికోట తిరిగింది అందుకేనమ్మా! కాలేజీ కాగితమని నీ చేత సంతకం పెట్టించుకుంది దీనికే. వైవా అయ్యాక తెలుగులో చదివి వినిపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను... ఎందుకు చెప్పావు?"

'నువ్వే కదే చెప్పమన్నావు!' అన్న మాట విక్టోరియా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో నింద దిగిపోతుంది. కానీ గోడకి ఆనుకుని వెక్కుతున్న ఆ మొహం చూసింది. తన చదువు తన నోటితోనే పాడుచేసుకున్నానని తెలిస్తే ఈ పిల్ల తట్టుకుంటుందా? ఇంకొకరి తప్పయితే ఏడ్చి ఊరుకుంటుంది, తన తప్పయితే ఏం చేసుకుంటుందో! ఆ భయం గుండెల్లో పడగానే తల్లి ఆ మాటని మింగేసింది.

"ఏదో... బుద్ధి గడ్డితిని అన్నానమ్మా," అంది నేల చూస్తూ. కూతురు ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే గంప సర్దుకుని తాడేపల్లిగూడెం వెళ్ళే రైలెక్కింది విక్టోరియా. వద్దు వద్దంటూనే కూతురూ ఎక్కింది. ఎప్పటిలాగే తల్లి తలుపు పక్కన, నలుగురికీ వాసన తగలని చోట, గంప మీద గోనెపట్టా కప్పుకుని కింద కూర్చుంది. కూతురు నాలుగు సీట్ల అవతల కిటికీ దగ్గర కూర్చుంది. భీమడోలు దాటింది, గూడెం వచ్చింది.

జాయ్సీ చదివిన బిజినెస్ స్కూల్లో పాండురంగారావు గారి గది చల్లగా ఉంది. ఆయన మంచి మనిషే. "కూర్చోండమ్మా," అని కుర్చీ చూపించారు. విక్టోరియా కూర్చోలేదు. గంప దించి, గోనెపట్టా తీసి, ఒక ఎండుపరిగె చేతిలోకి తీసుకుంది.

"అయ్యా, నేను మీతో అబద్ధం చెప్పానండి. ఇదేనండి నా వ్యాపారం. పదిహేనేళ్ళుగా ఇదేనండి. ఆలపాడులో బస్సు దిగి, ఆటో ఎక్కి కొల్లేటికోట వెళ్తానండి. చూడండి, తోక ఇలా విరిచి చూస్తామండి. టక్కుమంటే ఎండినట్టండి. వంగిందంటే లోపల తడుందండి, ఇంకో ఎండ పడాలండి. తడి సరుకు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోనండి. వారం తిరక్కుండా పురుగు పట్టేస్తుంది, కొన్నోళ్ళు మళ్ళీ నా గంప దగ్గరికి రారండి. ఆయ్, పిల్ల రాసింది అక్షరం అక్షరం నిజమండి!"

గది నిండా వాసన పరుచుకుంది. జాయ్సీ తల దించుకుంది. పాండురంగారావు గారు ముక్కు మూసుకోలేదు. రిపోర్టు తెరిచి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి, ఆ విరిగిన తోకకేసి చూశారు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నమ్ముతున్నానమ్మా. ఇప్పుడు నమ్ముతున్నాను. మరి ఆ రోజు ఎందుకలా చెప్పారు?"

"బుద్ధి తక్కువై అన్నానండి. చదువు లేనిదాన్ని. తప్పంతా నాదేనండి, పిల్లకేం తెలీదండి!"

"మీ మాటొక్కటే అయితే నేనే ఏదో ఒకటి రాసి సర్దేవాణ్ణమ్మా." ఆయన సొరుగులోంచి ఒక పాత కాగితం తీశారు. "మీరు బట్టల షాపని చెప్పాక, జాయ్సీ చేరిన రెండో నెలలో నింపిన వివరాల ఫారం తీయించి చూశాను. తల్లి వృత్తి, బట్టల వ్యాపారం. ఇది జాయ్సీ చేతిరాతే. రెండూ కలిపి కమిటీకి పంపాను."

జాయ్సీ ఆ కాగితం చూసింది. బట్టల షాపు... తల్లి ఫోనులో ఆ మాటే చెప్పిందని అప్పటిదాకా ఆ పిల్లకి తెలియదు. హాస్టల్ గది, కూర డబ్బా, తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చిన సాయంత్రం ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. తల్లికేసి తిరిగింది. విక్టోరియా కళ్ళతోనే వద్దని వారించింది. 'చెప్పకమ్మా, నా మీదే ఉండనీ' అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి!

"కాదు సార్!" జాయ్సీ బావురుమంది. "మా అమ్మ అబద్ధం చెప్పలేదు సార్... నేను చెప్పమన్నది చెప్పింది! నాకు సిగ్గేసి నేనే చెప్పమన్నాను. నిన్నంతా ఆవిడతో మాట మానేశాను సార్, అయినా నా పేరు చెప్పలేదు... అమ్మా, ఎందుకమ్మా చెప్పలేదు? ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదమ్మా!" అంటూ ఆ గంప పక్కనే కూలబడి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది.

"లేమ్మా, లే... సార్ గారి ముందు ఏంటిది..." అంటూ విక్టోరియా కూతురి తల నిమరబోయి, చేతికి చేప అంటుకుని ఉందని ఆగింది. జాయ్సీ ఆ చెయ్యి లాక్కుని తన మొహానికి అదుముకుంది.

అయినా రూలు కరగలేదు. అమ్మా కూతుళ్ళు ఏడ్చినందుకు మారేవి రూళ్ళు ఎందుకవుతాయి! పాండురంగారావు గారు వాళ్ళని బయట కూర్చోబెట్టి పైన కమిటీ దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చారు. మూడు దాటాక తిరిగొచ్చి, "ముందు చెప్పిన మాటే కమిటీ లెక్కలోకి తీసుకుంటుందమ్మా. తర్వాతది కూతురిని కాపాడుకోడానికి చెప్పిందంటున్నారు. జాయ్సీ వచ్చే బ్యాచ్‌తో ప్రాజెక్టుకి మళ్ళీ పేరు నమోదు చేసుకోవాలి, మళ్ళీ ఎనిమిది వారాలు చెయ్యాలి. వ్యాపారం అదే ఉండొచ్చు. నా చేతిలో ఉన్నది అంతవరకే..." అన్నారు. ఆయన గొంతులోనూ బాధ ఉంది. కానీ విజయవాడ కంపెనీకి నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపించాలి. బాధకి సర్టిఫికెట్ ఇవ్వరు కదా.

గూడెం స్టేషన్‌లో జాయ్సీ క్లాసు పిల్లలు స్వీటు ప్యాకెట్లు పట్టుకుని నవ్వుకుంటూ నిలబడ్డారు. వాళ్ళని చూసి విక్టోరియా గబగబా పక్కకి తప్పుకోబోయింది. జాయ్సీ ఊరుకోలేదు. తల్లి చంకలోంచి గంప తీసుకుని, తన చంకకెత్తుకుని, వాళ్ళ ముందునుంచే నడిచి, "మా అమ్మ," అని మాత్రం చెప్పి రైలెక్కింది. తలుపు పక్కన, తల్లి పక్కన, కింద కూర్చుంది. ఆ పని రెండేళ్ళ కిందటే చేసుంటే ఇవాళ ఆ స్వీటు ప్యాకెట్టు తన చేతిలోనూ ఉండేదని ఇద్దరికీ తెలుసు.

రైలు కదిలాక నల్ల అట్ట పుస్తకం తెరిచి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయింది జాయ్సీ. "విక్టోరియా గారు తూకం వేసి ఇచ్చాక కూడా ఒక గుప్పెడు కొసరు వేస్తారు. ఆ గుప్పెడే ఆవిడ ప్రకటన ఖర్చు. పదిహేనేళ్ళలో ఆవిడ గంప దగ్గరికి తిరిగి రాని కొనుగోలుదారు దాదాపు లేరు..."

విక్టోరియా నోరు తెరుచుకుని వింది. "ఇదంతా చదువేనా అమ్మా?"

"చదువేనమ్మా."

"అయితే ఇంగ్లీషులో నేను బాగానే ఉన్నానే!" అని నవ్వబోయి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, భీమడోలు వచ్చేదాకా ఏడ్చింది ఆ తల్లి.

నెలాఖరు వచ్చింది, పోయింది. విజయవాడ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. జనవరిలో పాత బ్యాచ్ పిల్లలు నల్ల గౌన్లు వేసుకుని పట్టాలు పుచ్చుకున్న రోజున, జాయ్సీ కొల్లేటికోటలో తల్లితోపాటు చాపల మీద పరిగెలు తిరగేస్తోంది. రెండోసారి ఎనిమిది వారాల్లో అది ఐదో వారం. స్నేహితుల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి ఫోనులో వస్తుంటే కాసేపు చూసి, కట్టేసి కొంగున ముడేసుకుంది.

అప్పుడు విక్టోరియా ఫోను మోగింది. తెలియని నంబరు. ఉప్పు చేతులు చీరకి తుడుచుకుని ఎత్తింది.

"యూనివర్సిటీ నుంచండి. జాయ్సీ గారి ప్రాజెక్టు గురించి... మీరు ఏం చేస్తుంటారమ్మా?" కొత్త గొంతు ఎవరిదో.

విక్టోరియాకి రెండేళ్ళు పట్టుకున్న మాట అలవాటు కొద్దీ ముందుకు ఉరికొచ్చింది. పెదవులు బిగించి దాన్ని ఆపింది. చాప అవతల కూతురు చేతిలో చేప అలాగే పట్టుకుని చూస్తోంది.

"ఎండుచేపలు అమ్ముతానండి," అంది విక్టోరియా, ఫోనులో మొదటిసారి గట్టిగా. "నా పేరు విక్టోరియానండి. జాయ్సీ వాళ్ళమ్మనండి."

అవతల ఏదో రాసుకుని పెట్టేశారు. జాయ్సీ తన చేతిలో చేప తోక విరిచి చూసింది. అది వంగింది. ఇంకో ఎండ పడాలని దాన్ని మళ్ళీ చాప మీద పెట్టింది.