వంతెన మీది మైళ్ళు

హార్లో క్రాసింగ్‌లో మూతబడ్డ పోస్టాఫీసు ముందు రాత్రిపూట లారీ ఆపకూడదు. నెబ్రాస్కాలో ఈ రోడ్డున తిరిగే డ్రైవర్లందరికీ ఆ సంగతి తెలుసు. ఊరు ఖాళీ అయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా లోపల ఎవరో కవర్ల మీద ముద్రలు కొడుతున్న చప్పుడు వస్తుందంటారు. నేను వినలేదు... వినాలనీ లేదు.

మొన్న తెల్లవారుజామున ఆర్విల్ టకెట్ మా హోటలుకి వచ్చాడు. కాఫీ పోస్తే ముట్టుకోలేదు. నేను ఎదురు మాట్లాడే మనిషిని కాను, అందుకేనేమో డ్రైవర్లు నాతో అన్నీ చెప్పుకుంటారు.

వాళ్ళ కంపెనీలో జీతం మైలుకి ఇంత అని. అయితే లారీ తిరిగిన మైళ్ళకి కాదు. సరుకు ఎత్తిన ఊరి పోస్టాఫీసు నుంచి దింపిన ఊరి పోస్టాఫీసు దాకా, కంపెనీవాళ్ళ దూరాల పుస్తకంలో ఉన్న దగ్గరి దారి ఎంతో అంతకే. ఆ దగ్గరి దారేమో హార్లో క్రాసింగ్ మీదుగా పోతుంది. అక్కడ వాగు మీది చెక్క వంతెన వరదకి కొట్టుకుపోయి పదకొండేళ్ళు! చుట్టూ తిరిగి వెళ్ళడానికి ట్రిప్పుకి నలభై మైళ్ళు ఎక్కువ. ఆ నలభైకీ పైసా రాదు.

ట్రిప్పులు చూసే డార్లాని అడిగాడట.

"వంతెన లేదని నువ్వంటున్నావు. ఉందని పుస్తకం అంటోంది. నేనెవర్ని నమ్మాలయ్యా?"

"నన్ను నమ్ము తల్లీ! లారీకి రెక్కలు కట్టుకుని ఎగరమంటావా?"

"ఫోటో తీసుకురా. మైళ్ళు మారుస్తా."

లారీ అతనిదే, అప్పు మీద కొన్నది. వాయిదాలు అప్పటికే రెండు తప్పాయి. మూడోది తప్పితే బ్యాంకువాళ్ళు బండి పట్టుకుపోతారు. ఆ నలభై మైళ్ళూ కలిస్తే గట్టెక్కుతాడు. అక్కడికెళ్ళి ఎవరూ ఫోటో తేలేరని తెలిసే డార్లా అలా అడిగిందని అతని అనుమానం.

పగలు సరుకుతో అటు మళ్ళే వీల్లేదు. అందుకని రాత్రి ఖాళీ బండితో వెళ్ళాడు. పోస్టాఫీసు ముందు ఇంజను కట్టేశాడు.

టిక్... టిక్... టిక్...

రోడ్డు మీద ఒక ముసలాయన. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర చక్రం. దొర్లించుకుంటూ నడుస్తున్నాడు. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా — టిక్. రోడ్లు కొలిచే చక్రం అది.

ఆర్విల్‌కి భయం కంటే ముందు కోపం వచ్చిందట. కంపెనీవాడే, సందేహం లేదు.

"ఎవరు పంపారయ్యా నిన్ను? డార్లానా?"

"మాట్లాడించకు..." గుసగుసగా అన్నాడు ముసలాయన, ఆగకుండానే. "లెక్క తప్పుతుంది."

"ఏం లెక్క?"

"నీ బండే ఎక్కువ చూపిస్తోంది బాబూ. పుస్తకంలో ఉన్నదే సరైనది. రోజూ కొలుస్తున్నాగా."

"మరి వాగెలా దాటుతున్నావు?"

అప్పుడు తల తిప్పాడట.

"వంతెన మీంచి... ఇంకెలా?"

ఆర్విల్ టార్చి పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. ఒడ్డు దగ్గర రోడ్డు తెగిపోయి ఉంది. రెండు మొండి స్తంభాలు, కింద నల్లగా నీళ్ళు. మనిషి లేడు. చప్పుడు మాత్రం — టిక్... టిక్... — నీళ్ళ పైన, ఉత్త గాలిలో, ఎక్కడా తడబడకుండా అవతలి ఒడ్డుకి పోతోంది.

ఫోనెత్తి ఒక ఫోటో నొక్కాడు. చూసుకోకుండానే డార్లాకి పంపి, బండెక్కి, మా హోటలు దాకా ఎక్కడా ఆగలేదు.

ఇంతవరకూ చెప్పాడో లేదో, ఫోను మోగింది. డార్లా. గొంతు నాకు కూడా వినబడుతోంది.

"ఏవయ్యా, పొద్దున్నే నాతో పరాచికాలా? వంతెన నిక్షేపంలా ఉందిగా! మైళ్ళూ లేవు, ఏమీ లేవు... అవునూ, వంతెన మధ్యలో నిలబడ్డ ఆ ముసలాయనెవరు? తోడు తీసుకెళ్ళావా?"

ఆర్విల్ ఫోను కట్టేశాడు. దాన్ని నా ముందు బోర్లా పెట్టాడు.

"అబద్ధం. నన్ను ముంచడానికే ఆడుతోంది. అక్కడ వంతెన లేదు, నా కళ్ళతో చూశాను... నువ్వు చూసి చెప్పు. నాకు చూసే ధైర్యం లేదు."

తిప్పి చూశాను.

వంతెన ఉంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, ఒక్క చెక్క ఊడకుండా.

ముసలాయన మాత్రం మధ్యలో లేడు... ఇటు చివరికి వచ్చేశాడు.