మొదటి అంతస్తులో ఆగే అమ్మాయి

ఆటోనగర్‌లో బేరింగుల షాపు నడిపే కృపాకర్‌కి తన అందం మీద అపారమైన నమ్మకం. దానికి రుజువు కూడా ఉందాయె. మూడో అంతస్తు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసే రోజలిన్ రోజూ మెట్లెక్కుతూ, మొదటి అంతస్తులో సరిగ్గా అతని షాపు ముందే ఆగుతుంది. రెయిలింగ్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడుతుంది. ఆ రెండు నిమిషాల కోసం అతను గ్రీజు వాసన తెలియకుండా ఒంటి మీద సెంటు గుమ్మరించుకునేవాడు.

ఒక వానరోజు ధైర్యం చేసి అడిగేశాడు.

"నన్ను సూత్తే మీకేటనిపిత్తాదండీ?"

"ఊపిరాడదు."

కృపాకర్ చెవుల్లో చర్చి గంటలు మోగాయి. "నాకూ అంతేనండీ! మిమ్మల్ని సూత్తే గుండె ఆగిపోతాది!"

"అలాగా? నాది గురువారం డాక్టర్లు నిజంగానే ఆపుతారు."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కాలిలో పుట్టిన రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల నాళాల్లోకి చేరి, ఏళ్ల తరబడి అతుక్కుపోయాయట. గుండె మీద ఒకటే ఒత్తిడట. ఒళ్లంతా చల్లబరిచి, ఇరవయ్యేసి నిమిషాలు రక్తప్రసరణే ఆపి, ఆ గడ్డల్ని నాళం లోపలి పొరతో సహా ఒలిచేస్తారట.

"అయితే... రోజూ ఆగేది నా కోసం కాదా?"

"ఆయాసం బాబూ! మీ షాపు కిందుంటే మీ మొహం కూడా సూసుండేదాన్ని కాదు."

గురువారం కృపాకర్ షాపు మూసి ఆసుపత్రికి వెళ్లాడు. "నువ్వెవరు నాయనా?" అంది ఆమె తల్లి దీవెనమ్మ.

"ఆవిడ ఆఫీసుకి కింద, మొదటి అంతస్తండీ." అంతకు మించిన చుట్టరికం అతనికి దొరకలేదు.

ఎనిమిది గంటలు గోళ్లు కొరుకుతూ కూర్చున్నాడు. "ప్రభువా, ఆవిడ ఇంకెప్పుడూ నా షాపు కాడ ఆగకపోయినా పర్లేదు. ఊపిరాడితే సాలు," అని పైకే ప్రార్థించాడు.

మూడు నెలలకు రోజలిన్ మళ్లీ ఆఫీసుకొచ్చింది. చకచకా మెట్లెక్కింది. షాపు దాటింది. ఆగలేదు.

ప్రార్థన అక్షరాలా ఫలించింది. దేవుడు ఇంత శ్రద్ధగా వింటాడని తెలిస్తే కాస్త ఆలోచించి అడిగేవాడు. సంతోషమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంతలో చెప్పుల చప్పుడు పైనుంచి కిందికి దిగింది. రెయిలింగ్ ముట్టుకోకుండా ఆమె షాపు ముందు నిలబడింది.

"ఏటండీ, మళ్లీ ఆయాసమా?" కంగారుపడ్డాడు.

"లేదు. ఆగకుండా పైదాకా ఎక్కగల్నో లేదో సూసుకున్నాను. ఎక్కేసాను."

"మరిప్పుడు ఎందుకాగారు?"

"నువ్వు సేసిన ప్రార్థన మా అమ్మ సెప్పింది. అందుకే నీకోసం ఆగాను. రేపూ ఆగుతాను." రోజలిన్ ముక్కు మూసుకుంది. "ఆ సెంటు మాత్రం తగ్గించు బాబూ. నాకిప్పుడు ఊపిరి బాగా ఆడతంది."