తల్లి ఎలుగు

దీపావళి అమావాస్య... అసుర సంధ్య!

అలాస్కా ద్వీపకల్పం మీద ఆకాశం కమిలిన దేహంలా నల్లబడుతోంది. పడమట అగ్నిపర్వత శిఖరం బూడిదరంగు పొగను కక్కుతోంది. సముద్రం మీదుగా వచ్చిన గాలి నది ఒడ్డు పొదల్లోకి దూరి, నొప్పులు పడుతున్న స్త్రీలా మూలుగుతోంది. ఎక్కడో ఒక గుడ్లగూబ కూసి, తన కూతకు తానే జడిసినట్టు ఆగిపోయింది...

ఆ నిశ్శబ్దంలో తుపాకి పేలింది.

గులకరాళ్ళ గట్టు మీద నిలబడ్డ మహాకాయం, గోధుమరంగు ఎలుగు, వెనక కాళ్ళ మీద లేచి, గాలిలో ఏదో వెతికి, వెల్లకిలా కూలిపోయింది.

తుపాకి పేల్చినవాడు మల్లికార్జునరావు. షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని, అరవై నాలుగేళ్ళవాడు. అతని పక్కనే ఉన్న ఎలెన్, ఇరవై ఏళ్ళుగా ఈ అడవుల్లో వేటగాళ్ళకు దారి చూపుతున్న గైడ్, అతని చేతిలోంచి తుపాకిని లాక్కుంది. ఆమె మొహం పాలిపోయింది. పొదల్లోంచి రెండు పిల్లలు బయటికి వచ్చి, పడిపోయిన తల్లి చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి.

"వద్దన్నాను. పిల్లలున్న తల్లి అని రెండుసార్లు చెప్పాను," అంది ఎలెన్. "మీ వేట ఇక్కడితో అయిపోయింది. పోలీసులకు నేనే చెబుతాను."

మల్లికార్జునరావు చీకట్లో కనబడలేదన్నాడు. అది అబద్ధం. ఆ సంగతి వెనకాల నిలబడ్డ రఘుకు తెలుసు, అతని భార్య రష్మికీ తెలుసు.

రఘు ఆ కంపెనీలో ఉద్యోగి. గ్రీన్‌కార్డ్ కోసం తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. వేటకు తోడు రమ్మని, భార్యను కూడా తీసుకురమ్మని యజమాని పిలిస్తే కాదనే ధైర్యం అతనికి లేకపోయింది. రష్మికి ఫోటోలు తీయడం ఇష్టం. చిన్న విమానంలో వచ్చి నది మీద దిగినప్పుడు ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. తనను ఎందుకు పిలిచారో పాపం ఆమెకు తెలియదు.

ఆఫీసులో వినాయకచవితి పూజకు గోత్రనామాలు రాసిచ్చిన కాగితంలో రష్మి జన్మనక్షత్రం చూశాడు మల్లికార్జునరావు. మూల! ముప్పై ఏళ్ళుగా రహస్యంగా క్షుద్రోపాసన చేస్తున్న ఆ మనిషి కాలేయాన్ని కేన్సర్ తొలిచేస్తోంది. క్రిస్మస్ దాటడం కష్టమన్నారు డాక్టర్లు. అతనికి తెలిసిన దారి ఒక్కటే మిగిలింది. అమావాస్య సంధ్యలో, అప్పుడే చచ్చిన మహామృగం శవం మీద కూర్చుని, దాని ప్రాణాన్ని మూలా నక్షత్ర జాతకురాలి దేహంలోకి దించాలి. ఆమె చేత ఒక యువకుణ్ణి చంపించాలి. ఆ యువకుడికి మిగిలిన ఆయువంతా సాధకుడిది అవుతుంది!

మృగం మగది కావాలని మంత్రశాస్త్రం శాసించింది. కానీ వారం రోజులు వెతికినా మగ ఎలుగు దొరకలేదు. అమావాస్య వచ్చేసింది. ప్రాణభయం ముందు శాస్త్రం ఓడిపోయింది.

ఎలెన్ పొడవాటి కర్ర తెచ్చి, ఎలుగు కంటిపాపను తాకి చూసింది. రెప్ప కదలలేదు. చచ్చిందని నిర్ధారించుకుని, ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పి, శాటిలైట్ ఫోన్‌కు సిగ్నల్ దొరికే మిట్ట మీదికి వెళ్ళింది. అతనిదీ తనదీ రెండు తుపాకులూ ఆమె భుజానే ఉన్నాయి.

ఆమె కనుమరుగు కాగానే మల్లికార్జునరావు గొంతు తేనె పూసుకుంది.

"తప్పు చేశానమ్మా. ఆ జీవికి శాంతి చేద్దాం, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు.

పిల్లల అరుపులకు అప్పటికే ఏడుస్తున్న రష్మి మారుమాట లేకుండా ముందుకు వచ్చింది. అతను ఆమె నుదుట రక్తంలా చిక్కనైన కుంకుమ దిద్ది, మణికట్టుకు నల్లతాడు కట్టాడు. ప్రోటీన్ పౌడర్ డబ్బాలో దాచి తెచ్చిన చితాభస్మం గుప్పెట్లోకి తీసుకుని రఘు మొహాన చల్లాడు. రఘు చెయ్యెత్తబోయాడు... చెయ్యి లేవలేదు! కాళ్ళు నేలలో పాతేసినట్టు బిగుసుకుపోయాయి.

మాంత్రికుడు ఎలుగు ఛాతీ మీదికెక్కి పద్మాసనం వేశాడు. దాని కపాలం మీద, రెండు కళ్ళ మధ్య, ప్రమిద పెట్టి వెలిగించాడు. అంత గాలిలోనూ దీపశిఖ వణకలేదు... నీలంగా, నిటారుగా, చూపుడువేలులా నిలిచింది!

హ్రీంకార హుంకారాలతో నదీతీరం దద్దరిల్లింది. మంచు రాలడం మొదలైంది. పొదల్లో గాలి ఉన్నట్టుండి చచ్చిపోయింది. రష్మి నడుము వంగింది... మెడ పక్కకు వాలింది... ముక్కుపుటాలు విచ్చుకుని ఆమె గాలిని వాసన చూడసాగింది. ఆ కళ్ళలో రఘు ఎరిగిన మనిషి లేదు! గొంతులోంచి వచ్చిన గుర్రుమనే శబ్దానికి రఘు కాళ్ళ కింద గులకరాళ్ళు కదిలాయి.

"వాణ్ణి చీల్చు," అని ఆజ్ఞాపించాడు మాంత్రికుడు.

రష్మి నాలుగు కాళ్ళ మృగంలా చేతులు నేలకు ఆనించి రఘు వైపు వచ్చింది. ఆమె ఊపిరి అతని మొహానికి తగిలింది... పచ్చి చేపల వాసన, తడి మట్టి వాసన. ఆమె గోళ్ళు అతని జాకెట్‌ను చీల్చి ఛాతీలో దిగాయి. నొప్పికి కళ్ళు మూసుకున్న రఘుకు, తన నెత్తుటి చప్పుడు వెనక, ఇంకో చప్పుడు వినిపించింది. పొదల దగ్గర ఆ రెండు పిల్లలు సన్నగా, తెరిపి లేకుండా ఏడుస్తున్నాయి.

తన భార్య లోపల ఉన్నది ఎవరో అప్పుడు తోచింది రఘుకు. ఒళ్ళంతా రాయైపోయినా నాలుక ఆడుతోంది.

"పిల్లలు ఏడుస్తున్నయ్," అన్నాడు మెల్లగా. "నీ పిల్లలు... ఆకలిగున్నయ్. వాటి దగ్గరికి పో."

గోళ్ళు ఆగిపోయాయి.

ఆమె తల తిప్పి పొదల వైపు చూసింది. మాంత్రికుడు గొంతు చించుకుని మంత్రం చదివాడు. మళ్ళీ ఆజ్ఞాపించాడు, శపించాడు. నల్లతాడు ఆమె మణికట్టును కోసుకుంటూ బిగిసింది. ఆమె దాన్ని పళ్ళతో కొరికి, తెంపి, ఉమ్మేసింది! మృగాన్ని కట్టే మంత్రం అది. బిడ్డల వైపు నడిచే తల్లిని కట్టేటంత బలం దానికి లేదు...

ఆమె రఘును వదిలి, మాంత్రికుడి వైపు కన్నెత్తైనా చూడకుండా, పొదల్లోకి వెళ్ళిపోయింది. పిల్లల ఏడుపు ఆగింది.

ఆ క్షణమే నీలిదీపం ఆరిపోయింది.

చీకట్లో రఘు కళ్ళకు కనిపించింది ఇంతే. శవం మీద కూర్చున్న మనిషి లేవబోయాడు. లేవలేకపోయాడు. కిందున్న ఛాతీ ఒక్కసారి పైకి పొంగింది... ఊపిరి పీల్చినట్టు! పక్కలకు పడి ఉన్న రెండు ముందుకాళ్ళు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పైకి లేచాయి. నిద్రలో బిడ్డను దగ్గరికి తీసుకున్నట్టు అతని వీపు చుట్టూ కలుసుకున్నాయి. మల్లికార్జునరావు కేక సగంలోనే నలిగిపోయింది. ఎండుకట్టెలు విరిగిన చప్పుడు... ఒకటి... మరొకటి... మరొకటి... ఆపైన మంచు రాలే నిశ్శబ్దం!

ఎలెన్ టార్చిలైటుతో పరుగున వచ్చేసరికి రఘు కాళ్ళ బిగువు విడిపోయింది. అతను రష్మి పేరు పిలుస్తూ నది వెంట పరిగెడుతున్నాడు. ఇద్దరూ గంటసేపు వెతికారు. మంచులో ఒక మనిషి అడుగులు, వాటికి అటూ ఇటూ రెండు పిల్లల అడుగులు, నీళ్ళలోకి దిగి మాయమయ్యాయి. చివరికి అవతలి గట్టు నుంచి రష్మి ఒంటరిగా నది దాటి వచ్చింది. మెడదాకా తడిసినా వణకడం లేదు. రఘును చూడగానే అతని భుజం మీద వాలి స్పృహ తప్పింది.

మర్నాడు పోలీసులు విమానంలో వచ్చారు. ఎలుగు ముందుకాళ్ళను విడదీయడానికి ఇనుపకడ్డీలు కావలసి వచ్చాయి. చావని ఎలుగు దగ్గరికి వెళ్ళి చనిపోయాడని కాగితాల్లో రాసుకున్నారు. కర్రతో కంటిపాపను ముట్టి చూసిన ఎలెన్ ఆ మాట వాళ్ళకు చెప్పింది. రెండోసారి చెప్పలేదు. తల్లి లేని ఆ పిల్లలు ఈ శీతాకాలం దాటవని మాత్రం రఘుతో అని, మొహం తిప్పుకుంది.

యజమాని పోవడంతో కంపెనీ మూతపడింది. కొత్త ఉద్యోగం దొరక్కపోతే దేశం విడిచి వెళ్ళాల్సిన వీసా గడువుకు వారం ముందు రఘుకు మోరిస్‌విల్‌లో ఉద్యోగం దొరికింది. ఛాతీ మీద అయిదు గాట్లు మానాయి. రష్మికి ఆ సాయంత్రం ఏదీ గుర్తు లేదు. కానీ నవంబరు రాగానే ఆమెకు నిద్ర పట్టుకుంది. రోజుకు ఇరవై గంటలు... తిండి లేదు, మాట లేదు. కర్టెన్లు మూసిన గదిలో, ఒక పక్కకు ముడుచుకుని, పొట్ట దగ్గర రెండు దిండ్లను చేతులతో పొదువుకుని పడుకునేది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదన్నారు. గుండె మాత్రం నిమిషానికి ఇరవైసార్లే కొట్టుకుంటోందని, యంత్రం చెడిపోయిందేమో అని రెండుసార్లు మార్చి చూశారు. రఘు రాత్రిళ్ళు తలుపు దగ్గర కూర్చుని ఆ ఊపిరి లెక్కపెట్టేవాడు. లోపలికి వెళ్ళి ఆమెను ముట్టుకోవాలంటే అతనికి భయం వేసేది.

ఏప్రిల్ నెలాఖరున, ఒక ఉదయం, రష్మి లేచింది. సగానికి చిక్కిపోయింది. వంటింట్లోకి వచ్చి, పొయ్యి వెలిగించి, మామూలుగా టీ పెట్టింది.

అదే వారం ఎలెన్ ఫోన్ చేసింది. విమానం నడిపే కుర్రాడు నది అవతలి కొండలో ఒక గుహలోంచి ఆ రెండు పిల్లలూ బయటికి రావడం చూశాడట. రెండూ బొద్దుగా ఉన్నాయట. తల్లి లేకుండా ఎలా బతికాయో తనకు అంతు పట్టడం లేదంది.

రఘు ఫోన్ పెట్టేసి రష్మి వైపు చూశాడు. అతను ఏమీ చెప్పకముందే ఆమె కిటికీలోంచి ఉత్తరం వైపు చూస్తూ, చాలా మామూలుగా, ఇంటిపని గురించి మాట్లాడినట్టు అంది.

"ఇగ వాటికి చేపలు పట్టుడు నేర్పాలె."