పడమటి గోడ మీద సుద్ద గుర్తులు

ఆ శనివారం ఇంట్లో ఉన్నది నలుగురం. రేడియోలో ఫుట్‌బాల్ వింటూ నాన్న, వంటింట్లో వంకాయలు కోస్తూ అమ్మ, ఒక్కచోట నిలవలేక గదులన్నీ తిరుగుతూ అక్క ఓర్నెల్లా, వీళ్లందరినీ చూస్తూ నేను. గోడకి అవతల నిచ్చెన మీద రెంజో ఉన్నాడు. అతన్ని మా ఇంటి లెక్కలో వేయాలా వద్దా అన్నది సాయంత్రానికి గానీ తేలలేదు.

రెంజో ప్లాస్టరింగ్ మేస్త్రీ. అక్క పనిచేసే సిమెంటు కొట్టుకి మూడు నెలలుగా వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఒక తాపీ కొంటాడు. పదకొండో తాపీ కొన్నప్పుడు అక్క, "నీకు చేతులెన్ని?" అని అడిగిందట. అలా మొదలైంది.

మా పడమటి గోడ బీటలువారి రెండు చోట్ల పెచ్చులూడింది. ఆ వంకతో అక్క అతన్ని పనికి పిలిపించింది. నాన్నకి అతను నచ్చితే పెళ్లి మాట ఇంట్లో ఎత్తవచ్చు. నచ్చకపోతే ఎత్తడానికేమీ ఉండదు.

చిక్కేమిటంటే, ఆ గోడకి పూత పూసింది స్వయానా నాన్నే. పైగా మాది ఇటలీ దక్షిణం, రెంజో వాళ్లది ఉత్తరం. ఈ రెండు వైపుల వాళ్లూ సముద్రాలు దాటి ఈ ఊరొచ్చి తోటలు వేసి అరవై ఏళ్లయినా, ఒకరి తిండి ఒకరికి ఇంకా వేళాకోళమే.

"మొక్కజొన్న సంకటి తినేవాళ్లు," అన్నాడు నాన్న కిటికీలోంచి చూస్తూ. "సిమెంటు కూడా గరిటెతోనే కలుపుతారు. ఆ రెండు చిల్లులూ పూడ్చి వెళ్లమను."

రెంజో చిల్లుల జోలికే వెళ్లలేదు. సుత్తి పిడితో గోడని తట్టుకుంటూ, చెవి ఆనించి వింటున్నాడు. పూత ఇటుకని పట్టుకుని ఉంటే గట్టి చప్పుడు వస్తుంది. వదిలేసి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్లగా ఉన్నచోటల్లా సుద్దతో గుండ్రంగా గుర్తు పెట్టాడు. పది గంటలకి టీ తాగడానికి వెళ్లేసరికి పద్నాలుగు గుర్తులు.

అక్క తడిగుడ్డ తీసుకుని వెళ్లింది. నన్ను మూల దగ్గర కాపలా పెట్టింది.

అతను తిరిగొచ్చి గోడ చూశాడు. ఆరు గుర్తులున్నాయి. కళ్లు నులుముకున్నాడు. మళ్లీ మొదటినుంచీ తట్టి మళ్లీ పద్నాలుగు పెట్టాడు. ఇసుక దించుకోవడానికి బండి దగ్గరికి వెళ్లొచ్చేసరికి అయిదు.

"లిడియా," అన్నాడు నాతో, "మీ ఇంట్లో దెయ్యమేమన్నా ఉందా?"

నా చూపు నిచ్చెన వెనక్కి పోయింది. అక్కడ అక్క గుడ్డని వీపు వెనక దాచుకుని నిలబడి ఉంది.

"గోడ మురికిగా ఉంది. తుడిచాను," అంది.

"సుద్ద ఉన్నచోటే మురికి ఉందా?"

"సగం గోడ డొల్ల అని చెబితే నాన్న నిన్ను ఇంక గేటు దాటనివ్వడు. పైపైన పూసి వెళ్లిపో, రెంజో."

"పూస్తే వచ్చే ఎండాకాలానికి ఊడి పడుతుంది. అప్పటికి ఆయన నిన్ను నాకిచ్చి ఉంటాడు. గోడ ఊడగానే వెనక్కి తీసుకుపోతాడు."

"ఇస్తాడని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకేగా నిజం చెప్పేది. పోగొట్టుకోవడానికి ఇప్పుడు నా దగ్గరేమీ లేదు."

అక్క చేతిలో గుడ్డ నలిగిపోతోంది. అప్పుడే రేడియోలో ఆట ముగిసింది. నాన్న బయటికొచ్చాడు.

"ఏమయ్యా, ఈ సున్నాలేమిటి?"

"అక్కడంతా పూత వదిలేసిందండి. గోడంతా ఒలిచి మళ్లీ పూయాలి."

"నేను పూసిన గోడా?"

"మీరు పూసిందేనండి."

నాన్న గోడంతా పరకాయించి చూశాడు. అక్క శుభ్రంగా తుడిచిన చోటే ఎంచుకున్నాడు. "ఇక్కడ నీ గుర్తు లేదు. ఇది బాగున్నట్టేగా?" అంటూ పిడికిలితో గట్టిగా ఒకటి వేశాడు.

తలుపంత పెచ్చు ఊడి అమ్మ వంటకి పెంచే తులసి కుండీల మీద పడింది.

ధూళి సర్దుకున్నాక ఇటుకలు కనబడ్డాయి. నిన్న పేర్చినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"ఇటుక తడపకుండా పూసినట్టున్నారండి," అన్నాడు రెంజో మెల్లగా. "పూతలోని నీళ్లన్నీ ఇటుకే తాగేసింది."

"తడపకుండా పూస్తానా? ఈ కోజిమో?"

"తడపలేదు," అంది అమ్మ కిటికీలోంచి. "జనవరిలో, ఇక్కడి నడి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం పూశావు. నేను ఆసుపత్రిలో ఓర్నెల్లాని కంటున్నాను. బిడ్డ వచ్చేసరికి గోడ తెల్లగా ఉండాలని ఒక్క పూటలో ముగించి పరిగెత్తుకొచ్చావు. తర్వాత వారమంతా దానికి నీళ్లు పట్టాల్సింది. నువ్వు నా మంచం పక్కన కూర్చుని పిల్ల కాలివేళ్లు లెక్కపెట్టావు."

"ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"గోడ చూస్తే నాకు ముచ్చటేసేది."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. రెంజో వైపు తిరిగాడు.

"అలాంటి రోజైతే నేనూ తడపనండి," అన్నాడు రెంజో. "కానీ ఇప్పుడు తడపాలి."

నాన్న కాసేపు ఆ ఇటుకల్నే చూశాడు. "ఒలిచెయ్," అన్నాడు. తనూ ఒక సుత్తి పట్టుకున్నాడు.

సాయంత్రానికి గోడ మొత్తం ఒలిచేశారు. మధ్యలో సంకటి గురించి నాలుగు మాటలు పడ్డాయి, మా మిరపకాయల గురించి రెంజో అయిదు అన్నాడు. నాన్న నవ్వాడు.

"రేపు పూస్తానండి," అన్నాడు రెంజో చేతులు దులుపుకుంటూ. "ఆ తర్వాత ఏడు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టాలి. నేనే వచ్చి పడతాను."

"ఇంట్లో నలుగురం ఉన్నాం బాబూ, నీళ్ల గొట్టం కూడా ఉంది," అంది అమ్మ నవ్వు ఆపుకుంటూ.

నాన్న అక్క ముఖం చూశాడు. తర్వాత అతని ముఖం చూశాడు.

"ఏడు చాలవు," అన్నాడు. "మా వైపు పది పడతాం. ఇటుకలు ఇప్పటినుంచే తడవాలి. ఓర్నెల్లా, అబ్బాయికి కొళాయి ఎక్కడుందో చూపించు."

కొళాయి రెంజో మోకాలి పక్కనే ఉంది. అతను దాన్ని చూడనట్టే నిలబడ్డాడు. అక్క కూడా చూడనట్టే వంటింటి గుండా వెళ్లి, పెరటి తలుపు తీసి, వెతకడానికి అతన్ని వెంటబెట్టుకుపోయింది.

నేనూ వెళ్లాను. గడప దగ్గర అక్క వెనక్కి తిరిగింది, నన్ను చూసింది, తలుపు మూసేసింది.